వాన కోసం కట్టిన ఇల్లు

విక్టోరియా రాణి ఏలుబడిలో ఇంగ్లండు పల్లెల్లో కట్టిన భవంతులు చాలా ఇప్పుడు హోటళ్లు. మన కోనసీమలో ఆ కాలం నుంచీ లేచిన మండువా లోగిళ్లలో కూడా కొన్నింట అతిథులకు గదులిస్తున్నారు. ఈ లోగిళ్ల వెనక ఉన్న డబ్బు ధవళేశ్వరం ఆనకట్టది. 1847లో మొదలెట్టి 1852లో కాటన్ దొర పూర్తి చేశాక గోదారి పాయల నడుమ నేలకు కాలువ నీళ్లు పారాయి, వరి పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులాడాయి. ఇళ్ల కోసం బర్మా టేకు ఓడలెక్కి కోరంగి, కాకినాడ రేవుల్లో దిగింది.

వచ్చినవాళ్లంతా ముందు వీధిగుమ్మానికి ఫొటో తీస్తారు. చిలకలు, తామరలు, లతలు, తీయదగ్గదే. నా ఓటు మాత్రం కప్పుకి. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న మండువాలో నిలబడి ఓ మూలకు తలెత్తి చూడండి. రెండు వైపుల నుంచి పల్లంగా దిగిన కప్పులు అక్కడ కలుస్తాయి. రెండింటి వాననీరూ, రెండింటి బరువూ ఆ మూలదే. అందుకే అక్కడ ఓ బలమైన దుంగను ఏటవాలుగా వేసి, స్తంభం నెత్తిన కూర్చోబెట్టారు. దానికి ఇటూ అటూ వాసాలు ఒకదాన్ని మించి ఒకటి పొట్టివవుతూ వస్తాయి. ప్రతి కొసనూ ఐమూలగా కోయాలి. వెంట్రుకవాసి తేడా వస్తే పెంకు లేస్తుంది, ఇల్లు కురుస్తుంది. ఆ కోతలన్నీ చేతిరంపంతో కోసినవి!

టేకు స్తంభం నేలను తాకదు. కింద రాతి దిమ్మ ఉంటుంది, చెమ్మా చెదలూ పైకి ఎక్కకుండా. కప్పు మీది నీరు పల్లపు మండువాలో పడి, కంటికి ఆనని వాలు మీదుగా తూములోకి, అక్కణ్ణుంచి పెరట్లో అరటిచెట్ల పాదుల్లోకి పోతుంది. తోటంటే ఇక్కడ అదే: కొబ్బరి, అరటి, పోక. స్పా కావాలన్నవారికి నువ్వులనూనె, నలుగుపిండి, కాగులో వేణ్ణీళ్లు.

ఇక గోడ. గానుగలో తిప్పిన సున్నానికి బెల్లపునీళ్లు, కరక్కాయ రసం కలిపి పూసి, నున్నటి రాయితో రుద్దిన పూత అది. డెల్టాలో నేలచెమ్మ ఎక్కువ. సున్నం దాన్ని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు పూత పెచ్చులుగా రాలుతుంది. మండువాకు అద్దాల కప్పు వేసి ఏసీ పెట్టడం ఇంకా అన్యాయం. వేడిగాలి పైకి పోయే దారి అదొక్కటే. దాన్ని మూసేశాక ఆ ఇంట్లో ఉండటానికీ పట్నం లాడ్జిలో ఉండటానికీ తేడా ఏముంది? స్నానాలగదులు పెరటివైపు విడిగా కట్టినవారే తెలివైనవారు. రాత్రి నాలుగడుగులు నడవాలని అతిథులు కాస్త గొణుగుతారు, గొణగనివ్వండి.

వెళ్లేవాళ్లు సంక్రాంతికి కాక శ్రావణంలో వెళ్లండి, మండువా వైపు గది అడగండి. అలాంటి ఇల్లున్నవారు మాత్రం సిమెంటు బస్తా దించేముందు, సున్నం పని తెలిసిన తాపీమేస్త్రి ఒకరినైనా వెతకండి.