తెరకు పచ్చకామెర్లు

పెళ్లిళ్ల సీజన్. మా వీధిలో శుభలేఖలు డిజైన్ చేసే కుర్రాడు పొద్దున్నే వచ్చాడు. "అన్నా, తెర మీద తెలుపంతా పసుపుగా కనబడుతోంది. మానిటర్ పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నారు."

"ఆగు, వచ్చి చూస్తా" అన్నాను. ఒకప్పుడు ఇలాంటి పసుపే చూసి, స్నేహితుడి చేత మంచి మానిటర్ పారేయించాను. తప్పు కేబుల్‌దని తర్వాత తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

విండోస్‌లో తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆన్ అయి లేదు. మానిటర్ అంచున ఉన్న మెనూ బటన్ నొక్కాను. ఆ మెనూను మానిటరే గీసుకుంటుంది, కంప్యూటర్‌తో పని లేదు. అక్షరాలు మల్లెపూవులా తెల్లగా వచ్చాయి. తెర ఆరోగ్యంగానే ఉంది. మెనూ కూడా పచ్చబడి ఉంటే అప్పుడు దాన్ని అనుమానించేవాణ్ణి.

ఇక మిగిలింది కేబుల్. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ రకం, 15 పిన్నులది. ఒకటో పిన్ను ఎరుపును, రెండోది ఆకుపచ్చను, మూడోది నీలాన్ని మోస్తాయి. నీలం రాకపోతే మిగిలిన రెండు వెలుగులూ కలిసి పసుపవుతాయి. ఆకుపచ్చ ఆగితే తెర మెజెంటా అవుతుంది. ఏ తీగ తెగిందో రంగే చెప్పేస్తుంది. కంప్యూటర్, మానిటర్ రెండూ ఆపి కేబుల్ ఊడదీస్తే, మూడో పిన్ను పక్కకు ఒరిగి ఉంది. పెన్ పెన్సిల్ లోహపు ములికిని దానికి తొడిగి మెల్లగా నిలబెట్టాను. (తొమ్మిదో పిన్ను లేకపోతే కంగారు పడకండి, చాలా కేబుళ్లు అలాగే వస్తాయి.)

తెలుపు తిరిగొచ్చింది కానీ అక్షరాలు అలుక్కుపోయినట్టే ఉన్నాయి. చూస్తే రిజల్యూషన్ 1024×768. ఆ తెరకున్న చుక్కలు 1366×768. చిన్న బొమ్మను సాగదీసి నింపుతుంటే అంచులు పక్క చుక్కల్లోకి పాకుతాయి. ఇంగ్లిషు వాళ్లు దాన్ని సర్దుకుంటారేమో, తెలుగుకు అది ప్రాణాంతకం. ద, ధ, బ, భ, డ, ఢ – వీటి మధ్య తేడా ఒక చిన్న గీతే. సెట్టింగ్ మార్చి, మానిటర్‌కున్న ఆటో బటన్ నొక్కాను.

మానిటర్ వెనక మూత మాత్రం నేను విప్పను. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అది తెలిసినవాళ్ల పని.

కుర్రాడు శుభలేఖను తెరిచి తెరకు దగ్గరగా వంగాడు. "వదూవరులు" అని ఉంది. నిన్నటి నుంచీ అలాగే ఉందట. వెంటనే ఒత్తు పెట్టాడు.