ఈల ఎవరి చేతిలో?

మగ్గాల ఊరు కొడకండ్ల లాంటి చోట ఆదివారం పిల్లల్ని పోగుచేసి ఆడించడం జీతం లేని కొలువు. తెలుగులో ఈ పనికి పేరు తెచ్చింది న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపారు, 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లలకు వాళ్లు సారూ మేడమూ కాదు, రేడియో అన్నయ్య, అక్కయ్య. సగం పనితనం ఆ పిలుపులోనే ఉందంటాను. మిగతా సగం ఆట మొదలయ్యాక తెలుస్తుంది. గోడకు ఆనుకుని, గోళ్లు కొరుక్కుంటూ ఒకడు మిగిలిపోతాడు. పని తెలిసిన అన్న వాణ్ణి ఆటకు రమ్మని బతిమాలడు. ఈల చేతికిచ్చి, ‘జర నువ్వు ఊదు తమ్మీ’ అంటాడు. మీ వాడకట్టులోనూ అలాంటివాడు ఒకడుంటాడు. వచ్చే ఆదివారం ఒక గంట తీరిక చేసుకోండి.