నీడల్లో దాగిన ఆధారం

అపరాధ పరిశోధక చిత్రాన్ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి ప్రేక్షకుడు హంతకుడి కోసం వెతుకుతాడు. రెండోసారి, హంతకుడెవరో తెలిసిన మీదట, దర్శకుడు తనను ఎక్కడ పక్కదారి పట్టించాడో, అసలు ఆధారాన్ని కళ్ళ ముందే పెట్టి ఎలా కనపడనీయకుండా చేశాడో వెతుకుతాడు. థియేటరులో ఈ రెండో పరిశీలనకు మళ్ళీ టికెట్టు కొనడం తప్ప దారి లేదు కాబట్టి, దృశ్యాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసే వీలు కల్పించిన హోమ్ వీడియో మిగతా అన్ని రకాల చిత్రాలకన్నా ఈ రకానికే ఎక్కువ మేలు చేసిందనాలి. అయితే నలుపు తెలుపు చిత్రాల విషయంలో మాత్రం అదే హోమ్ వీడియో చెరుపు కూడా చేసింది.

ఈ మేలుకీ చెరుపుకీ ఢిల్లీ, దాని పరిసర నగరాలే మంచి ఉదాహరణ. 1982 ఆసియా క్రీడల సందర్భంగా కలర్ టీవీలు రాజధాని ఇళ్ళలోకి రావడంతో కాలనీల్లో వీడియో క్యాసెట్ల అద్దె దుకాణాలు పుట్టుకొచ్చాయి. తర్వాతి కాలంలో కన్నాట్ ప్లేస్ నేల కింద ఉన్న పాలికా బజారు సీడీలకు పేరుపడింది, అసలువాటికన్నా నకిలీలకే ఎక్కువ పేరుపడిందన్నది వేరే సంగతి. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో డిస్కుల కర్మాగారాలున్న మోజర్ బేర్ సంస్థ సినిమాల వ్యాపారంలోకి దిగి, వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడంతో పాత చిత్రాలను అద్దెకు తెచ్చుకునేవారు కొని దాచుకోవడం మొదలుపెట్టారు. 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళిన ఆ సంస్థ డిస్కులు ఇంకా ఎన్నో ఇళ్ళ అలమరల్లో ఉన్నాయి.

అలా దాచుకోదగిన చిత్రాల్లో ముందు చెప్పుకోవలసింది గురుదత్ నిర్మాణంలో రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన ‘సి.ఐ.డి.’ (1956). పెద్దమనిషి ముసుగులో ఉన్న ఒక నేరస్థుడి గుట్టు బయటపెట్టబోతున్న పత్రికా సంపాదకుడు హత్యకు గురవుతాడు. దర్యాప్తు చేపట్టిన ఇన్‌స్పెక్టర్ శేఖర్ (దేవ్ ఆనంద్) హంతకుణ్ణి త్వరగానే పట్టుకుంటాడు గానీ, వాడు లాకప్‌లో చనిపోవడంతో ఆ నేరం ఇన్‌స్పెక్టర్ మెడకే చుట్టుకుంటుంది. పట్టుకోవలసినవాడే పారిపోవలసినవాడు కావడం ఈ కథకు ఆయువుపట్టు. చంపిందెవరన్నది కాక చంపించిందెవరన్నదే ఇక్కడ ప్రశ్న కాబట్టి, రహస్యం ఒకటి విడిపోయినా ఉత్కంఠ సడలదు.

ఈ చిత్ర ఛాయాగ్రాహకుడు మైసూరు నుంచి వచ్చిన వి.కె. మూర్తి. ఆయన పనితనమంతా దీపాల అమరికలో ఉంది. ముఖం మీద ప్రధానంగా పడే దీపాన్ని కీ లైట్ అనీ, దానివల్ల ఏర్పడిన నీడలను పలచన చేసే రెండో దీపాన్ని ఫిల్ లైట్ అనీ అంటారు. ఆ రెండోదాన్ని తగ్గించేస్తే ముఖంలో సగం చీకట్లో మునిగి, ఆ మనిషిని నమ్మాలో వద్దో తేలని స్థితి ఏర్పడుతుంది. హాలీవుడ్ నేరకథలు జర్మన్ మూగచిత్రాల నుంచి నేర్చుకున్న ఈ పద్ధతిని నువార్ శైలి అని పిలుస్తారు. రంగు లేని చిత్రంలో తెలుపుకీ నలుపుకీ మధ్య ఉండే బూడిద ఛాయలే సమాచారం. తలుపు పక్కన నిలబడ్డవాడు కనపడాలా, ఉన్నాడేమోనన్న అనుమానం మాత్రమే కలగాలా అన్నది ఆ ఛాయల తేడాతోనే తేలుతుంది.

తప్పుదారి పట్టించడానికి దీపాలే కాదు, నటుల ఎంపిక కూడా పనికొస్తుంది. అప్పటికే ప్రతినాయకుడిగా పేరు మోసిన కె.ఎన్. సింగ్‌కు ఇందులో పోలీసు సూపరింటెండెంట్ వేషం ఇచ్చారు. ఆయన తెర మీదికి వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుడి అనుమానం తనంతట తానే అటు మళ్ళుతుంది. ఇక పాట సంగతి. బి.ఆర్. చోప్రా ‘కానూన్’ (1960) పాటలు లేకుండానే నడిచింది కాబట్టి నేరకథకు పాట అడ్డమని వాదించేవారున్నారు, కానీ ‘సి.ఐ.డి.’ ఆ వాదానికి మంచి జవాబు. ‘రోజులు మారాయి’ (1955)లో ఏరువాక పాటకు చేసిన నృత్యంతో తెలుగువారికి చేరువై, ఈ చిత్రంతో హిందీకి వెళ్ళిన వహీదా రెహమాన్ ఇందులో కామిని పాత్ర ధరించింది. తన యజమాని ఇంట్లోంచి శేఖర్ జారుకునేదాకా ఆ యజమాని చూపు తన మీదే ఉండేలా ఆమె పాట పాడుతుంది. చూపు ఒకచోట, గురి ఇంకోచోట ఉన్న ఆ సన్నివేశంలో పాట ఆగితే ప్రాణం పోతుంది. కథ ఆగి పాట మొదలవడమన్న మాటకు అక్కడ చోటు లేదు. ఇదే దర్శకుడు ‘వో కౌన్ థీ’ (1964)లోనూ పాటనే వలగా విసిరాడు, ఆ కథే జయలలిత, జగ్గయ్యలతో ‘ఆమె ఎవరు?’ (1966)గా తెలుగుకు వచ్చింది.

మొదట చెప్పిన చెరుపు జరిగింది డిస్కులో. వీసీడీ చిత్రంలో అడ్డంగా 352, నిలువుగా 288 బిందువులే ఉంటాయి. డీవీడీలో అవి 720, 576, అంటే సుమారు నాలుగు రెట్లు. చిన్న డిస్కులో సినిమాను కుక్కడానికి బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, కంటికి అంతగా ఆననివని లెక్కవేసిన తేడాలను వదిలేస్తారు. ఆ వదిలేసేవాటిలో ముందు పోయేవి చీకట్లోని సన్నని ఛాయలు. మూర్తి శ్రమపడి నిలిపిన బూడిద ఛాయలు అలా కాటుక పూసినట్టు ఒకే నలుపుగా మారి, దర్శకుడు సగం చూపించిన మనిషి పూర్తిగా మాయమవుతాడు. ఒక వీసీడీలో సాధారణంగా 74 నిమిషాలకు మించి పట్టదు కాబట్టి రెండో డిస్కు కోసం లేవడమూ తప్పదు, అదీ చాలాసార్లు ఏదో ఒక తలుపు తెరుచుకునే సమయానికే. అరిగిపోయిన ప్రింటు నుంచి నకలు తీసిన డిస్కుల్లో వెనక్కి తిప్పి ఎన్నిసార్లు చూసినా, లేని ఆధారం కనపడదు.

దేవ్ ఆనంద్ శతజయంతికి, 2023 సెప్టెంబరులో, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 4కె స్థాయిలో పునరుద్ధరించిన ‘సి.ఐ.డి.’ని దేశంలోని పలు నగరాల థియేటర్లలో ప్రదర్శించారు. ఆ మరుసటి నెలలోనే ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో వహీదా రెహమాన్ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుంది. మూర్తి, దేవ్ ఆనంద్, పాటల రచయితల్లో ఒకరైన మజ్రూహ్ సుల్తాన్‌పురి కూడా ఆ పురస్కార గ్రహీతలే. పునరుద్ధరించిన ప్రతి దొరకక, పాత డిస్కు తప్ప మరేదీ అందుబాటులో లేనివారు వీసీడీని పక్కన పెట్టి డీవీడీని ఎంచుకోవడం, టీవీలో రంగులు దట్టంగా కనిపించేందుకు పెట్టిన వివిడ్ అమరికను తీసేసి చూడడం మంచిది. ఆ అమరిక నలుపును మరింత నల్లగా చేసి, మిగిలిన కాస్త నీడనూ మింగేస్తుంది.