పైలటు శ్రమ – ప్రచారం గీసిన బొమ్మ

శ్రమను మరుగుపరచడానికి ధనస్వామ్య ప్రచారానికి రెండు పద్ధతులున్నవి. శ్రమించేవాణ్ణి వీరుణ్ణి చేసి మామూలు మనుషులకు అందనంత ఎత్తున కూర్చోబెట్టడం ఒకటి. అతడు చేస్తున్నదేమీ లేదు, పని అంతా యంత్రమే చేస్తున్నదని నమ్మించడం మరొకటి. చాలా వృత్తులకు వీటిలో ఏదో ఒకటి సరిపోతుంది. జవానును, రైతును మొదటి పద్ధతిలో పొగుడుతారు. మిల్లు కార్మికుణ్ణి, గుమాస్తాను రెండవ పద్ధతిలో తీసిపారేస్తారు. ప్రయాణికుల విమానం నడిపే పైలటు విషయంలో మాత్రం ఈ రెండూ ఒకేసారి నడుస్తున్నవి. పరస్పర విరుద్ధమైన ఈ రెండు బొమ్మలను చూసి చదువరికి అనుమానం రావద్దా? రాదు. ఏ బొమ్మను ఏ వేళకు బయటికి తీయాలో తీసేవారికి బాగా తెలుసు. శిక్షణ అమ్మేటప్పుడు పైలటు వీరుడు. జీతం, విశ్రాంతి మాట వచ్చేసరికి మీట నొక్కేవాడు. విమానం కూలిన మరునాడు దోషి.

వీరుని బొమ్మ మనకు పరిచితమైనదే. తెల్ల చొక్కా, భుజాలమీద బంగారు పట్టీలు, నల్ల కళ్ళద్దాలు. శిక్షణ సంస్థల ప్రకటనల్లో ఆ యువకుడు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. లైసెన్సుకు కావలసిన 200 గంటల విమానయానానికి అర కోటికి తక్కువ కాదని, అది చాలామటుకు ఇల్లో పొలమో తాకట్టు పెట్టి తెచ్చిన అప్పని, లైసెన్సు చేతికి వచ్చిన తర్వాత ఫలానా రకం విమానం నడపడానికి మళ్ళీ వేరే ఖర్చున్నదని ఆ నవ్వు చెప్పదు. మన క్యాంపస్ హాస్టళ్ళలో ఉండే కుర్రవాడు ఆ బొమ్మను చూసి నిట్టూర్చి పోతాడు. నిట్టూర్చినవాడే అరగంట తర్వాత రెండవ బొమ్మను నమ్ముతాడు, విచిత్రం అక్కడున్నది.

తార్నాకలో మెట్రో ఎక్కే విద్యార్థికి ఆ రెండవ బొమ్మ రోజూ ఎదురవుతూనే ఉన్నది. 2017 నవంబరులో నాగోలు నుంచి బండి కదిలిన నాటినుంచి దాని వేగాన్ని, స్టేషనులో ఆగడాన్ని చాలావరకు స్వయంచాలక వ్యవస్థ చూసుకుంటున్నది. ముందు గదిలో ఒక మనిషి ఉంటారు. ‘మరి ఆ మనిషి ఎందుకు?’ అనే ప్రశ్న ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద సాగే చర్చల్లో తరచు వినిపిస్తుంది. దానికి జవాబు దొరకకముందే చర్చ ఆకాశంలోకి పోతుంది. “ఇమానం దానంతటదే పోతది గద సార్, ఆయనకు అన్ని లక్షలెందుకు?” అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అడిగినవాడు వామపక్ష సంఘంలో చురుకుగా పనిచేసేవాడే! ప్రపంచమంతటా తిరిగిన ఒక పాత హాస్యకథ కూడా ఉన్నది: రేపటి విమానంలో ఒక పైలటు, ఒక కుక్క ఉంటారట. కుక్కకు తిండి పెట్టడం పైలటు పని; పైలటు ఏ మీటనైనా ముట్టుకుంటే కరవడం కుక్క పని. నవ్వవలసిన కథే. కాని ఈ కథ ఎవరి బల్ల దగ్గర ఎక్కువ నవ్వు పుట్టిస్తుందో కూడా చూడాలి.

అసలు పని ఏమిటి? ప్రయాణికుల విమానం రోజువారీ సర్వీసుల్లో తనంతట తాను నేల విడవదు. ఎయిర్‌బస్ సంస్థ 2020లో అటువంటి ప్రయోగాన్ని ముగించింది. అది ప్రయోగం మాత్రమే. తనంతట తాను దిగడం 1965 నుంచి ఉన్నది. ఆ జూన్ నెలలో ఒక బ్రిటిష్ ట్రైడెంట్ విమానం ప్రయాణికులతో లండన్‌లో అట్లా దిగింది. అయితే అందుకు రన్‌వే దగ్గర తగిన రేడియో పరికరాలుండాలి, విమానంలోని పరికరాలన్నీ సవ్యంగా ఉండాలి, పైలట్లు ప్రత్యేకంగా తరిఫీదై ఉండాలి. ఢిల్లీ పొగమంచులో పనికివచ్చేది అదే. అడ్డుగాలి బలంగా వీస్తే ఆ వ్యవస్థ శక్తి మనిషి చేతి శక్తికంటే ముందే అయిపోతుంది. మామూలు రోజున విమానాన్ని నేలకు దించేవి చేతులే.

మధ్యలో గంటల తరబడి ఆటోపైలటు పట్టుకుంటుంది, నిజమే. చెప్పిన ఎత్తును, చెప్పిన దిక్కును, చెప్పిన వేగాన్ని అది నిలుపుతుంది. ఏది చెప్పాలన్నది దానికి తెలియదు. జూన్ సాయంత్రం దక్కను మీద నిలువునా లేచిన ఉరుముల మేఘాన్ని కుడిగా దాటాలా, ఎడమగా దాటాలా. అట్లా చుట్టి పోతే ఇంధనం ఎంత మిగులుతుంది. శంషాబాదులో వాన తెరిపివ్వకపోతే గన్నవరం పోవాలా, బెంగుళూరు పోవాలా – ఇవి నిర్ణయాలు. ఇద్దరు పైలట్లలో ఒకరు నడుపుతారు, ఒకరు కనిపెట్టి ఉంటారు. ఈ కనిపెట్టి ఉండడమే బయటివారికి పనిగా కనిపించదు. రాత్రి రెండు గంటలకు, ఏమీ జరగని తెరమీద ఏదైనా జరగబోతున్నదేమోనని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో పరీక్ష హాలులో మూడు గంటలు నిలబడిన ఉపాధ్యాయుణ్ణి అడిగినా కొంత చెప్పగలడు.

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో ఒక చిన్న వ్యాసం రాసింది. యంత్రానికి అప్పగించగలిగినదంతా అప్పగించి, అప్పగించలేక మిగిలినదాన్ని మనిషికి వదులుతారనీ, రోజూ చేసే పనిని అతని చేతినుంచి తీసేసి, అత్యంత క్లిష్టమైన క్షణంలో మాత్రం అదే చేతికి నైపుణ్యం ఉండాలని కోరుతారనీ ఆమె వాదన. యంత్రం పెరిగినకొద్దీ మనిషి పని తగ్గదు, మరింత కీలకమవుతుంది. ఆ మాట చెప్పి నలభై ఏళ్ళు దాటినా మన పత్రికల విజ్ఞాన శీర్షికలకు ఇంకా చేరలేదు.

ఇందుకు దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల కేంద్ర శిక్షణ సంస్థ ఉండినది మన హైదరాబాదులోనే. 1989లో ఆ సంస్థ ఎ-320 విమానాలను తెచ్చింది. ఫ్లైట్ ఇంజనీరు కుర్చీ లేని, ఇద్దరితోనే నడిచే కొత్తరకం కాక్‌పిట్ అది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బెంగుళూరు వెళ్ళిన ఒక ఎ-320 రన్‌వేకు ముందే నేలను తాకి కూలింది. విమానంలోని 146 మందిలో 92 మంది మరణించారు. ఒక కెప్టెన్ మరొక కెప్టెన్‌ను పరీక్షిస్తూ వెళ్ళిన ప్రయాణమది. దిగేటప్పుడు ఇంజన్ల శక్తిని కనిష్ఠస్థాయిలో పట్టి ఉంచే పద్ధతిలో విమానం ఉన్నది. వేగం పడిపోతున్న సంగతి గ్రహించి థ్రాటిళ్ళు ముందుకు తోయడంలో ఆలస్యం జరిగింది. విచారణ కారణాన్ని పైలట్లమీదనే పెట్టింది. ఆలస్యం జరగలేదని ఎవరూ అనరు. కాని ఆ విమానంలో ఇంజన్ల శక్తి మారినా థ్రాటిల్ పిడి కదలదు. ఒక పైలటు కర్ర కదిపితే రెండవ పైలటు కర్ర కదలదు. పాత విమానంలో చేతికి తెలిసే సంగతి కొత్త విమానంలో కంటికి మాత్రమే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి చేతిలో చేరిన జ్ఞానాన్ని ఒక్కసారిగా కంటికి మార్చమన్నది ఎవరు? ప్రభుత్వం కొన్ని నెలలపాటు ఆ విమానాలన్నిటినీ నేలమీద నిలిపివేసిందంటే ప్రశ్న ఇద్దరు మనుషుల తప్పుతో తీరేది కాదని దానికీ తెలుసునన్నమాట. జనం జ్ఞాపకంలో మిగిలినది మాత్రం ‘పైలటు తప్పు’.

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత బోయింగ్ కంపెనీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. 737 మాక్స్ విమానంలో ముక్కును తనంతట తానే కిందికి దించే ఒక ఏర్పాటు పెట్టి, ఆ సంగతి పైలట్ల పుస్తకంలో రాయలేదు. కొత్త శిక్షణ అవసరమైతే విమానం అమ్మకం కష్టమవుతుంది గనుక! 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది బలి అయినారు. మొదటి ప్రమాదం తర్వాత పేదదేశాల పైలట్లకు పని రాదన్న మాట అమెరికాలో బాహాటంగానే వినవచ్చింది. రెండవ విమానం కూలిన తర్వాతగాని ఆ నోళ్ళు మూతపడలేదు.

2025 జూన్ 12న అహమదాబాదులో ఎయిర్ ఇండియా బోయింగ్ 787 కూలి, కిందనున్నవారితో కలిపి 260 మంది మరణించారు. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో రెండు ఇంజన్ల ఇంధనపు స్విచ్చులు ఒక సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కు మారినవని ఉన్నది. ఎందుకు ఆపావని ఒక పైలటు అడిగినట్టు, నేను ఆపలేదని రెండవవారు అన్నట్టు ఉన్నది. ఎవరు ఏ మాట అన్నారో చెప్పలేదు. ప్రాథమిక నివేదిక అక్కడ ఆగింది, టెలివిజన్ ఆగలేదు. మరణించిన కెప్టెన్ మనసులో ఏమున్నదో ఆ రాత్రికే తేల్చేసిన మేధావులను మనం చూశాము. కుమారుణ్ణి పోగొట్టుకున్న వృద్ధుడు సుప్రీం కోర్టు గడప ఎక్కవలసి వచ్చింది.

అదే సంవత్సరం మీట నొక్కేవాని బొమ్మ కూడా అవసరపడింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటలనుంచి 48 గంటలకు పెంచి, రాత్రివేళ దించే విమానాలను ఆరునుంచి రెండుకు తగ్గించే నిబంధనలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళి, జూలైలో కొంత, నవంబరులో కొంత అమలుకు వచ్చినవి. అంతకు చాలాముందే తెలిసిన నిబంధనలకు తగినంతమందిని పెట్టుకోని ఇండిగో సంస్థ డిసెంబరులో వేలకొద్దీ సర్వీసులను రద్దు చేసింది. శంషాబాదులో జనం నేలమీద పడుకున్నారు. వార్తల్లో నిలబడినది ఏమిటి? నిబంధనలు కఠినం, పైలట్లు చాలరు అని. ప్రభుత్వం ఆ కంపెనీకి సడలింపు ఇచ్చింది. అలసినవారి నిద్రలోనుంచి తీసి ఇచ్చిన సడలింపు అది.

కళారంగం సంగతి చూద్దాము. 2009 జనవరిలో న్యూయార్కు నదిమీద విమానం దించి 155 మందిని కాపాడిన సల్లెన్‌బర్గర్‌పై 2016లో ఈస్ట్‌వుడ్ తీసిన చిత్రం బాగున్నది. చేతి పనిని, ఇద్దరు పైలట్ల సహకారాన్ని గౌరవించింది. కాని ప్రతినాయకుడు లేకపోతే కథ నడవదనుకొని ప్రభుత్వ విచారణాధికారులను ఆ స్థానంలో నిలిపింది. ఆ కెప్టెన్ నెల తర్వాత అమెరికన్ కాంగ్రెసు ఎదుట తన జీతం 40 శాతం కోతపడిందని, పింఛను రద్దయిందని చెప్పిన సాక్ష్యం మాత్రం చిత్రంలో కథ కాలేదు. అసలు ప్రతినాయకుడు అక్కడున్నాడు మరి! మన భాషలో 2020లో వచ్చిన ‘ఆకాశం నీ హద్దురా’ పేదవాణ్ణి విమానం ఎక్కించాలన్న కోరికతో నడిచింది. ఆ కోరిక మంచిదే, దానికి చప్పట్లు కొట్టిన మన విద్యార్థులను నేను తప్పుపట్టను. అయితే అక్కడ వీరుడు విమాన సంస్థ యజమాని. టిక్కెట్టు చౌక కావాలంటే విమానం నేలమీద నిలిచే నిమిషాలు తగ్గాలి, గాలిలో ఉండే గంటలు పెరగాలి. ఆ నిమిషాలూ ఆ గంటలూ ఎవరి శరీరంనుంచి వస్తాయన్న ప్రశ్న చిత్రానికి తోచలేదు.

నెలకు లక్షలు తెచ్చుకునే పైలటు మనకు చుట్టమా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కార్మికునికీ అతనికీ జీవితంలో పోలిక లేదు. అయినా రైల్వే వారు డ్రైవరు పేరును ‘లోకో పైలట్’గా మార్చిన సంగతి గమనించండి. పేరు వచ్చింది, వారపు విశ్రాంతి కోసం ఆందోళన మాత్రం ఆగలేదు. 2024లో దక్షిణాదిన ఇంజన్ డ్రైవర్లు ఆ విశ్రాంతికోసమే పోరాడవలసి వచ్చింది. ఎక్కువ జీతగాని పనినే ‘ఏమీ లేదు’ అని నమ్మించగలిగినవారు మెట్రో ముందుగదిలోని అమ్మాయిని, తార్నాక మీదుగా ఆర్టీసీ బస్సు తోలే మనిషిని, చివరకు తరగతిలో పాఠం చెప్పే మనల్ని లెక్కచేస్తారా?

కాక్‌పిట్‌లో రెండవ కుర్చీ కూడా తీసేయాలని విమాన తయారీదార్లు కొంతకాలంగా ఒత్తిడి చేస్తున్నారు. ప్రయాణం మధ్యభాగంలో ఒక్కరే ఉంటే చాలదా అన్నది మొదటి మెట్టు. ఇప్పటి కాక్‌పిట్‌లతో అది ఇద్దరున్నంత భద్రమని నిరూపించలేమని 2025లో ఐరోపా విమాన భద్రతా సంస్థ తేల్చింది. ఆ సంస్థను ఎవరూ కార్మిక పక్షపాతి అనలేరు. ఒత్తిడి అంతటితో పోదు. ఆ కుర్చీ ఖాళీ చేయించేముందు, అందులో కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నాడని మనచేత ఒప్పించవలసి ఉన్నది. ఆ ప్రయత్నం మన మెట్లమీది చర్చల్లోనే సగం నెగ్గింది.