మోత ఎవరిది, పేరు ఎవరిది?

1988లో 'లాస్ట్ ఎగ్జిట్' బృందం 'ఐరన్ పాత్' అనే ఆల్బం తెచ్చింది. నలుగురే మనుషులు. గిటార్ సోనీ షారాక్, డ్రమ్స్ రోనాల్డ్ షానన్ జాక్సన్. ఇద్దరూ 1940లో పుట్టిన అమెరికా నల్లజాతి కళాకారులు. సాక్సోఫోన్ జర్మనీకి చెందిన పీటర్ బ్రోట్జ్‌మన్, బేస్ గిటార్ బిల్ లాస్వెల్. మెటల్ బరువూ ఫ్రీ జాజ్ తెగింపూ కలిసిన ఈ రికార్డుకు నాయిస్ రాక్ చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదని నా వాదన.

షారాక్‌కు సాక్సోఫోన్ మీద మనసు. ఉబ్బసం అడ్డొచ్చింది. గిటార్ పట్టుకున్నాడు గానీ దాన్ని ఊదే వాద్యంలా అరిపించాడు. 1969లోనే 'బ్లాక్ ఉమన్' ఆల్బంలో లిండా షారాక్ గొంతుతో కలిసి ఆ పని చేశాడు. 1971లో వచ్చిన మైల్స్ డేవిస్ 'జాక్ జాన్సన్' రికార్డులో ఆయన గిటార్ ఉంది, అట్ట మీద ఆయన పేరు లేదు. డేవిసూ నల్లవాడే గదా అంటారేమో. నిజమే. పేరు తుడిచే అలవాటు ఒక్క మనిషిది గాదు, సంగీత వ్యాపారానిది. పని ఉండి పేరు లేకపోవడం ఏందో మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

1986 నాటి కచేరీ రికార్డులో ఈ నలుగురూ అప్పటికప్పుడు పుట్టించి వాయించారు. 'ఐరన్ పాత్' వాళ్ల ఏకైక స్టూడియో ఆల్బం. పది చిన్న ముక్కలు. లోపం లేదనను. స్టూడియో శుభ్రత కొన్నిచోట్ల షారాక్ పదును తగ్గించింది. అయితే జాక్సన్ డ్రమ్స్ వెనక నిలబడి తాళం వేయవు, ముందు నడిచి దారి తీస్తాయి. ఆల్బర్ట్ ఐలర్, ఆర్నెట్ కోల్మన్, సెసిల్ టేలర్‌లతో వాయించిన చేతులవి.

మా వాడలో డప్పు మోగితే ఊళ్లోవాళ్లు 'మోత' అనేవాళ్లు. గుళ్లో మృదంగం మాత్రం 'నాదం'. రెండింటికీ బిగించింది తోలే. జాతీ కులమూ ఒకటే అనడం లేదు. దేన్ని సంగీతమనాలో, దేన్ని గోలనాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఉంది.

షారాక్ 1994లో, జాక్సన్ 2013లో పోయారు. విద్యార్థి మిత్రులు ఈ రికార్డు ఒకసారి పెద్ద సౌండుతో వినాలి. చెవి నొప్పెడితే, ఆ చెవికి 'ఇది గోల' అని నేర్పిందెవరో కూడా ఆలోచించాలి.