ముదురు పాకం

అమ్మ వేరుశనగ అచ్చులు చేసే రోజున పళ్ళెంలో చన్నీళ్ళు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడటం నా వంతు. గరిటెతో పాకం చుక్క అందులో వేసి, వేళ్ళతో ఉండ చేసి, పళ్ళేనికి కొట్టి చూసేది. టంగుమంటే పొయ్యి ఆర్పి పప్పులు పోసేది. ఆ మోత గాజుదేనని రసాయనశాస్త్రం చదివాక అర్థమైంది. స్ఫటికంలా వరుసకట్టే వ్యవధి దొరక్క, ద్రవంలోని కలగాపులగపు అమరికతోనే బిగుసుకుపోయినది ఏదైనా గాజే. ఇసుకైనా, పాకమైనా.

ఇప్పుడు ప్రయోగశాలల్లో 'మాఫ్'లతో, అంటే లోహ-సేంద్రియ చట్రాలతో, గాజు చేస్తున్నారు. ఈ పదార్థాలను తీర్చిదిద్దినందుకే కిటగావా, రాబ్సన్, యాగీలకు 2025లో రసాయన నోబెల్ వచ్చింది. లోహపు అయాన్లు కూడళ్ళు, సేంద్రియ అణువులు వాటిని కలిపే వాసాలు. మధ్యంతా వాయువులు దూరేంత ఖాళీ. కానీ ఇవి ఎక్కువగా పొడిగానే తయారవుతాయి. పొడిని పలకగా నొక్కితే రేణువుల సందుల్లోంచి వాయువు జారిపోతుంది. కరిగించి పోత పోద్దామంటే, చాలా మాఫ్‌లు కరగకముందే మాడిపోతాయి.

2015లో కేంబ్రిడ్జ్‌కు చెందిన థామస్ బెనెట్, సహచరులు జింకు, ఇమిడజోల్‌తో కట్టిన జిఫ్-4 అనే మాఫ్‌ను మాడే అంచున, 590 డిగ్రీల దగ్గర కరిగించి గాజు చేశారు. జిఫ్-62 ఇంకా దారికొచ్చింది. అందులో ఇమిడజోల్‌తో పాటు అంతకన్నా బొద్దుగా ఉండే బెంజిమిడజోల్ కూడా ఉంటుంది. అది 430 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది; చల్లారేటప్పుడు సైజు కలవని అణువులు మళ్ళీ వరుసకట్టలేవు. పంచదార పాకంలో నిమ్మరసం చేసేదీ ఇలాంటి పనే. కొంత పంచదారను విడగొట్టి, వేరే చక్కెరలను మధ్యలోకి తెస్తుంది. పాకం గడ్డకట్టి పలుకులు తేలదు.

2021లో జర్మనీలోని యేనా బృందం మరో దారి పట్టింది. మామూలుగా అసలు కరగని జిఫ్-8 ఖాళీల్లోకి అయానిక ద్రవాన్ని, అంటే ద్రవరూపంలోని లవణాన్ని, ఎక్కించింది. ఆ తోడుతో అదీ కరిగింది.

ఇలా వచ్చిన గాజులో కొంత ఖాళీ మిగులుతుంది, రేణువుల సందులు మాత్రం ఉండవు. వాయువులను వడగట్టే పొరకు కావలసింది సరిగ్గా అదే.

ఈ పనుల్లో నన్ను కదిలించేది ఒక్కటే. మంట పెంచుకుంటూ పోయి ఎవరూ గెలవలేదు. వస్తువు ఎక్కడ మాడుతుందో ఎరిగి, ఏది తోడైతే నిలుస్తుందో వెతికారు. అమ్మ కూడా పంచదార పాకం పట్టేటప్పుడు అనే మాట అదే: "సెగ తగ్గించు నాన్నా, ఆ నిమ్మచెక్క ఇటివ్వు."