పత్తికొండ బోరునీళ్లలో గప్పీలు

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకుంటామంటే పత్తికొండలో మొదట వినిపించే మాట "మన నీళ్లకు చేపలు బతకవు" అని. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టే ఊళ్లో ఆ భయం సహజమే. అందుకే చాలామంది ఆర్వో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు మోసుకొచ్చి తొట్టి నింపుతారు. చేపకు చెడుపు అక్కడే మొదలవుతుంది. మనం వదిలించుకోవాలనుకునే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లే నీటికి నిలకడనిస్తాయి. తొట్టిలో రోజూ కొంత ఆమ్లం పుడుతూనే ఉంటుంది. బోరునీరు దాన్ని తట్టుకుంటుంది. ఆర్వో నీటికి ఆ బలం లేదు, కొన్ని వారాల్లో దాని పీహెచ్ పడిపోతుంది.

రేగడిలో శనగ, ఎర్రనేలలో వేరుశనగ వేసినట్టే, నీటిని చూసి చేపను ఎంచుకోవాలి. గప్పీ చేప స్వస్థలం ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతాలు. 1866లో ట్రినిడాడ్ నుంచి నమూనాలు లండన్‌కు పంపిన రాబర్ట్ గప్పీ పేరే దానికి నిలిచింది. మాలీలు, ప్లాటీలు మెక్సికో, మధ్య అమెరికా వైపువి. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని ఈనే ఈ మూడింటికీ ఖనిజాలున్న నీరంటేనే ఇష్టం. అమెజాన్ నుంచి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కస్‌లు మెత్తని నీటి, అంటే ఖనిజాలు తక్కువున్న నీటి చేపలు. దుకాణంలో అవి ఎంత మెరిసినా మొదటి తొట్టికి వద్దు. ఆర్వో ప్లాంటు వాళ్ల దగ్గర నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటుంది, మీ బోరునీటిని ఒకసారి చూపించండి. వెయ్యి దాటితే సగానికి సగం ఆర్వో నీరు కలుపుకోవచ్చు. అంతకంటే తక్కువైతే ఒక రోజు బకెట్లో నిల్వ ఉంచి అలాగే వాడండి. కుళాయి నీటికీ ఆ ఒక రోజు అవసరమే, క్లోరిన్ పోవాలి.

ఇక అసలు సంగతి. తొట్టి కొన్న రోజే చేపలు కూడా కొనకండి. ముందు నీరు సిద్ధం కావాలి, తర్వాతే చేప.

నీరు తేటగా కనిపించినంత మాత్రాన మంచిదని నమ్మకూడదు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది ఈ పత్తికొండలోనే. ఆ జబ్బు తాగే నీటిలోంచి వస్తుందని లండన్‌లో జాన్ స్నో ఆధారాలతో చూపేసరికి 1854 అయింది. చేపల తొట్టిలో కంటికి కనిపించని అలాంటి అపాయం అమ్మోనియా. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్న నీటిలోనైతే మొత్తం అమ్మోనియాలో నూటికి అర పాలే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది నూటికి ఐదు పాళ్లు దాటుతుంది. మన బోరునీరు సాధారణంగా ఆ రెండో వైపుకే మొగ్గుతుంది కాబట్టి ఇక్కడ తొందరపాటుకు శిక్ష ఎక్కువ.

ఈ విషాన్ని విరిచేవి సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో జాతి దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. 1890 ప్రాంతంలో వీటిని విడదీసి చూపిన విన్‌గ్రాడ్‌స్కీ మట్టిని చదివిన శాస్త్రవేత్త. పొలంలో చల్లిన యూరియా చివరికి పైరు తాగే నైట్రేట్ అయ్యేదీ ఈ కోవ జీవుల వల్లే. అవి స్పాంజి ఫిల్టరులో, ఇసుకలో, గాజుకు పట్టిన జిగురులో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ఫిల్టరు ఆడుతూనే ఉండాలి. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేయాలి, అది కుళ్లి పుట్టే అమ్మోనియాయే ఆ సూక్ష్మజీవులకు ఆహారం. చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష కిట్టు కొనుక్కోండి. మేత పడుతున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించిన రోజు మీ తొట్టి సిద్ధమైనట్టు. ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ల స్పాంజిని మీ నీటిలో పిండించుకోండి, పని త్వరగా అవుతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి యాభై లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. గుండ్రటి గాజు గిన్నె వద్దే వద్దు. కింద గట్టి బల్ల, దాని మీద థర్మోకోల్ షీటు, ఎండ తగలని గోడ. లోపల అలంకారానికి బేతంచెర్ల రాయి ముక్కలు వేయబోకండి. అది సున్నపురాయి, అసలే కఠినమైన నీటిని ఇంకా కఠినం చేస్తుంది. నిమ్మరసం చుక్క వేస్తే నురగ రాని గ్రానైటు ముక్క మేలు. రిబ్బన్లలా పొడవాటి ఆకులుండే వాలిస్నేరియా మన నీళ్లలో బాగా సాగుతుంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ లండన్‌లో చేపలు, మొక్క, నత్తలు ఒకదాన్నొకటి పోషించుకునేలా తొట్టి నడిపి చూపినప్పుడు వాడిన మొక్క కూడా అదే.

మన దగ్గర హీటరు కంటే ఫ్యాను ముఖ్యం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఎనిమిది మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ ఇమిడితే, 32 దగ్గర ఏడు దాటి కొంచెమే. వేడికి చేపకు అవసరమేమో పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూత తీసి, జాలీ పరిచి, చిన్న ఫ్యానును నీటిపైకి తిప్పండి. మన పొడిగాలికి నీరు వేగంగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మంచుగడ్డలు వేయకండి, ఒక్కసారిగా మారే వేడిమిని చేప తట్టుకోలేదు. కరెంటు పోతే ఆడే బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి, మేత సగానికి తగ్గించండి. ఆవిరైంది నీరే గానీ లవణాలు లోపలే ఉండిపోతాయి, అందువల్ల తగ్గిన మట్టాన్ని నింపడానికి మాత్రం ఆర్వో నీరే సరైనది. క్యాను పనికొచ్చేది ఇక్కడ.

నీళ్లు కొనుక్కునే ఊళ్లో ఈ ముచ్చట తగునా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వారానికి మార్చాల్సింది నాలుగో వంతు, అంటే పన్నెండు లీటర్ల చిల్లర. ఆ నీరు కాలువలోకి పోనక్కర్లేదు. నైట్రేట్ నిండిన నీరు కాబట్టి మల్లెచెట్టుకో టమాట మొక్కకో పోయండి, ఎరువు కలిపిన నీరే అది. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ తగిలి ఇన్ని వారాల కాపురం చెడుతుంది.

నాచు తింటుందని దుకాణంలో అంటగట్టే సక్కర్ చేపను కొనకండి. అది అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక వదిలేసినవాటి వల్లే తెలుగునాట చెరువుల్లో దెయ్యం చేప పేరుతో అది జాలర్లకు శాపమైంది. హంద్రీనీవా కాలువ నీటిలోకి మన తొట్టిలోంచి ఏ చేపా వెళ్లకూడదు. ఆడగప్పీ నెల తిరిగేసరికి డజన్ల కొద్దీ పిల్లల్ని పెడుతుంది. కాబట్టి మొదటి విడతలో నాలుగైదు మగవాటినే తెచ్చుకోండి. సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, కొంచెం కొంచెంగా మీ నీరు కలిపి, చేపల్ని వలతో తీసి వదలండి. దుకాణం నీరు తొట్టిలో కలవనీయకండి. వారం తర్వాత కూడా అమ్మోనియా, నైట్రైట్ సున్నాలోనే ఉంటే ఇంకో మూడు తెచ్చుకోవచ్చు.